గేర్ లివర్ పార్క్‌లో ఇరుక్కుపోతోందా? షిఫ్టర్ మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

ఇంజిన్ స్టార్ట్ అవుతోంది, బ్రేక్ తొక్కితే వెనక లైట్లు వెలుగుతున్నాయి, అయినా లివర్ ఒక్కోసారి 'పీ' నుంచి కదలడం లేదు, వర్క్‌షాప్‌లో షిఫ్టర్ అసెంబ్లీ (లివర్, దాని కింది యూనిట్) మొత్తం మార్చాలంటున్నారు అని అడిగారు. దయచేసి ఇప్పుడే ఒప్పుకోకండి. నా ఆటోమేటిక్ కారుకూ అచ్చం ఇదే వచ్చింది, నాకూ ఇదే మాట చెప్పారు. తీరా చూస్తే షిఫ్టర్ బాగానే ఉంది. దానికి వెళ్లే కనెక్టర్‌లో ఒక్క పిన్ను పాడైంది.

లివర్‌ను పార్క్‌లో పట్టి ఉంచేది షిఫ్ట్ లాక్ సాలినాయిడ్ అనే చిన్న కాయిల్. మీరు బ్రేక్ తొక్కగానే పెడల్ పైనున్న స్విచ్ సంగతి చేరవేస్తుంది, సాలినాయిడ్‌కు కరెంటు వస్తుంది, 'టిక్' మని లాక్ వదులుతుంది. చాలా కార్లలో పద్ధతి ఇదే. లివర్ ఈ గొలుసులో ఆఖరిది కాబట్టి ముందెక్కడ తేడా వచ్చినా నింద దాని మీదే పడుతుంది.

ముందు హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టండి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కిటికీలు మూసి, లివర్ దగ్గర చెవి పెట్టి బ్రేక్ తొక్కి వదులుతూ ఉండండి. టిక్ స్పష్టంగా వినిపించీ లివర్ కదలకపోతే అది మెకానికల్ సమస్య కావచ్చు. టిక్ అసలే రాకపోయినా, నీరసంగా వచ్చినా కరెంటు దారి వెతకాలి.

ఫ్యూజు, బ్యాటరీ చూడటం రెండు నిమిషాల పని. ఇంజిన్ ఆగి కాసేపైన బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టులు చూపిస్తే చాలు.

లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్రేక్ స్విచ్ బాగుందనుకోవడం చాలామంది చేసే పని. చాలా కార్లలో ఆ స్విచ్ లోపల రెండు కాంటాక్టులు ఉంటాయి. ఒకటి లైట్లకు, ఇంకొకటి కంప్యూటర్‌కు. మొదటిది పనిచేస్తూనే రెండోది తప్పిపోవచ్చు. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి లైవ్ డేటాలో బ్రేక్ సిగ్నల్ చూస్తూ పెడల్‌ను మెల్లగా నొక్కండి. రెండు కాంటాక్టుల సిగ్నళ్లూ మారాలి, ఎప్పుడూ ఒకేలా మారాలి. ఈ స్విచ్ చవకైన భాగం, అనుమానం మొదట దీని మీదే ఉండాలి.

నా కారులో స్విచ్ బాగానే ఉంది. అప్పుడు లివర్ చుట్టూ ఉండే కన్సోల్ విప్పించాను. విప్పేటప్పుడు పసుపు రంగు కనెక్టర్లు కనబడితే వాటి జోలికి వెళ్లకండి, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. మెకానిక్ సాలినాయిడ్ కనెక్టర్ ఊడదీసి వైరు కొసల్లో వోల్టేజీ కొలిచే మీటరు పెడితే నిండుగా 12 వోల్టులు వచ్చాయి. "కరెంటు వస్తోంది, సాలినాయిడే పోయింది" అని తేల్చేశాడు. పొరపాటు జరిగేది ఇక్కడే. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. తుప్పు పట్టిన పిన్ను కూడా దానికి 12 చూపించేస్తుంది. కాయిల్ తగిలించి అసలు లోడ్ పడ్డప్పుడే నిజం బయటపడుతుంది.

కనెక్టర్ తగిలించే ఉంచి, వెనకవైపు నుంచి సన్నని పిన్ను దూర్చి, బ్రేక్ తొక్కి పట్టి మళ్లీ చూడమన్నాను. ప్లస్ వైపు బ్యాటరీ వోల్టేజీ వచ్చింది. ఎర్త్ వైరుకు, బ్యాటరీ మైనస్‌కు మధ్య పెడితే దాదాపు 7 వోల్టులు! అక్కడ 0.2 లోపే ఉండాలి. అంటే కాయిల్‌కు చేరేది సుమారు 5 వోల్టులే, లాక్ లాగడానికి అది ఎక్కడ సరిపోతుంది? కనెక్టర్ విప్పి టార్చ్ వేస్తే ఎర్త్ పిన్ను చుట్టూ పచ్చటి పొర, అంచున జిగట. కప్ హోల్డర్‌లో ఒలికిన తియ్యటి డ్రింక్ కిందికి కారింది. కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి ఆ టెర్మినల్ కొత్తది వేయించాను. ఎర్త్ వైపు కనిపించిన ఆ 7 వోల్టులు దాదాపు సున్నాకు వచ్చాయి, టిక్ గట్టిగా వినిపించింది. ఆ తర్వాత లివర్ మళ్లీ మొరాయించలేదు.

కొన్ని కార్లలో ఆ మైనస్‌ను కంప్యూటరే కలుపుతుంది, కాబట్టి మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ చూసి కొలవమనండి. మీది ఒక్కోసారే వచ్చే సమస్య కాబట్టి, బ్రేక్ తొక్కి ఉంచి వైరును అక్కడక్కడా మెల్లగా కదిలిస్తూ మీటరు చూడటం కూడా ముఖ్యం. కొలవకుండా అసెంబ్లీ మారిస్తే పాత కనెక్టర్ అక్కడే ఉండిపోతుంది.

ఈలోగా దారిలో ఇరుక్కుంటే టెన్షన్ పడకండి. చాలా మోడళ్లలో లివర్ పక్కన చిన్న మూత ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కి, మూత తీసి స్క్రూడ్రైవర్‌తో లోపల నొక్కితే లివర్ న్యూట్రల్‌కు వస్తుంది. ఎక్కడుందో మాన్యువల్‌లో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

డాష్‌బోర్డ్‌లో గేర్ అక్షరం తప్పుగా చూపిస్తున్నా, పార్క్‌లో స్టార్ట్ కాక న్యూట్రల్‌లో మాత్రం స్టార్ట్ అవుతున్నా దారి వేరు. అప్పుడు లివర్ ఏ గేర్‌లో ఉందో కంప్యూటర్‌కు చెప్పే, గేర్‌బాక్స్ మీదుండే రేంజ్ సెన్సార్‌నూ కేబుల్ అడ్జస్ట్‌మెంట్‌నూ చూడాలి. స్కానర్‌లో పీ0705 గానీ పీ0706 గానీ అనే లోపం కోడ్ వస్తే వెతుకులాట ఆ సెన్సార్, దాని వైరింగ్ దగ్గర మొదలుపెట్టమనండి.