‘కేవలం రూ.7,500/-లకే మాత్రమే’: ఒక్క మాట ఎన్నిసార్లు?

సందేహం: మాది బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ నేను చదివింది ఒడియా బడిలో. మా పట్టు చీరల కొట్టుకి ఆన్‌లైన్‌లో పెట్టే తెలుగు శీర్షికలు నేనే రాస్తున్నాను. ‘మీరు నమ్మలేరు!! కేవలం రూ.7,500/-లకే మాత్రమే బరంపురం పట్టు చీరను మీ సొంతం చేసుకోండి!!’ అని రాస్తే, ‘కేవలం’ ఉన్నచోట ‘మాత్రమే’ ఉండకూడదని మా మామయ్యగారు అన్నారు. అవన్నీ ఉంటేనే జనం ఆగి చూస్తారని మావారు అంటారు. ఏది తీసెయ్యాలి? శీర్షికలో మా ఊరి మాట వాడొచ్చా?

సమాధానం: మీ మామయ్యగారు ఇద్దరినే పట్టుకున్నారు. మూడో దొంగ ‘లకే’లో ఉన్నాడు. ‘కే’ చివర ఉన్న ఏకారం అవధారణార్థకం, అంటే ‘ఇంతే, ఇంతకు మించి కాదు’ అని నొక్కి చెప్పేది. కేవలం, మాత్రమే చేసే పనీ అదే. ఒకే మాట మూడుసార్లు చెప్పారన్నమాట. రెండూ తీసేసి ఏకారం ఉంచండి. ‘ఏడున్నర వేలకే ఇచ్చాడు’ అంటాం గానీ, ‘కేవలం ఏడున్నర వేలకు మాత్రమే ఇచ్చాడు’ అని ఇరుగమ్మతో ఎవరంటారు?

ఆ ‘లకే’లో ‘ల’ కూడా అదనమే. 7,500 అన్న అంకెను ‘ఏడువేల ఐదువందలు’ అని చదువుతాం. బహువచనం ఆ చదువులోనే ఉంది. పక్కన మళ్లీ ‘ల’ పెడితే ‘ఐదువందలలకే’ అవుతుంది. ‘7,500కే’ చాలు. ఇక అంకె వెనక ‘/-’ గీత సంగతి. చెక్కులోనో బిల్లులోనో మరో అంకె ఇరికించకుండా వేసే కాపలా అది. శీర్షికకు కాపలా అక్కర్లేదు.

‘చీరను’లో ‘ను’ తప్పు కాదు, బరువు. ప్రాణం లేని వస్తువు కర్మ అయినప్పుడు ద్వితీయ బదులు ప్రథమ వాడటం పాత వ్యాకరణం ఒప్పుకున్నదే, నోటి మాటలో అందరూ చేసేదే: చీర కొన్నాను, అన్నం తిన్నాను. ‘మీ సొంతం చేసుకోండి’లో మాత్రం తప్పుంది. ‘చేసుకోండి’లోని ‘కొను’ ఆ పని ఎవరి కోసమో చెప్పేసింది, ఇంక ‘మీ’ ఎందుకు? అసలు ఆ పదబంధమే ఇంగ్లీషు ప్రకటన నుంచి దిగుమతైన సరుకు. కొట్టులో కూర్చుని ‘ఈ చీర సొంతం చేసుకోమ్మా’ అంటారా? ‘తీసుకోమ్మా’ అంటారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ‘మీరు నమ్మలేరు’. ఇంగ్లీషులో అది ఆశ్చర్యం. తెలుగులో నమ్మకం వ్యాపారానికి మూలధనం. ‘ఆ కొట్టుని నమ్మలేం’ అంటే అక్కడ కొనొద్దని అర్థం. అలాంటి మాటను మీ కొట్టు పేరు పక్కన మీరే రాసుకుంటున్నారు.

మీవారి మాటకీ జవాబు ఉంది, అది లెక్కలో ఉంది. గూగుల్ సెర్చ్ ప్రకటనలో ఒక్కో శీర్షికకు 30 క్యారెక్టర్లే. అవి మనం బడిలో నేర్చుకున్న అక్షరాలు కావు. యంత్రం హల్లును, పొల్లును, గుణింతపు గుర్తును విడివిడిగా లెక్కపెడుతుంది. ‘శ్రీ’ మనకు ఒక అక్షరం, దానికి నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. ‘పట్టు’ మనకు రెండు, దానికి ఐదు. ‘మీరు నమ్మలేరు!’ అంటేనే 14 అయిపోయాయి, సరుకు పేరు ఇంకా రాలేదు. ‘కేవలం’ 5, ‘మాత్రమే’ 7, మధ్య ఖాళీలు అదనం. ఏకారానికి అయ్యే ఖర్చు ఒక్కటే. ఇలా రాయండి:

బరంపురం పట్టు చీర రూ.7,500కే

ఖాళీలతో కలిపి సరిగ్గా 28. ఊరు, సరుకు, ధర, నొక్కి చెప్పే ఏకారం నాలుగూ ఉన్నాయి. ఎస్సెమ్మెస్‌లో ఇరుకు ఇంకా తెలుస్తుంది. ఇంగ్లీషులో 160 పట్టే సందేశంలో ఒక్క తెలుగు అక్షరం చేరినా పరిమితి 70కి పడిపోతుంది. 70 దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోతుంది, డబ్బూ ముక్కల లెక్కనే. మీ మొదటి శీర్షిక ఒక సందేశంలో పట్టదు.

గూగుల్ సెర్చ్‌లో వచ్చే పేజీ శీర్షికకు అక్షరాల హద్దు లేదు. తెర వెడల్పు చాలనిచోట చివర కోసి చుక్కలు పెడుతుంది. ఈ కోత ఇంగ్లీషు కంటే తెలుగుకే ఎక్కువ దెబ్బ. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, ‘కాదు’, ‘వద్దు’ అన్న వ్యతిరేకార్థం ఆ క్రియకూ చివరే ఉంటుంది. ‘పట్టు చీరలను వేడి నీళ్లలో ఉతకకూడదు’ అన్న శీర్షిక ఫోనులో ‘పట్టు చీరలను వేడి నీళ్లలో…’ దగ్గర తెగిందనుకోండి, ఉతకమన్నట్టే ఉంటుంది. అందుకని తోకను తలకు తేవాలి. క్రియను ఎక్కడపడితే అక్కడ ఇరికించడం కాదు, వాక్యాన్ని రెండు ముక్కలు చేయడం: ‘వేడి నీళ్లు వద్దు: పట్టు చీర ఉతికే తీరు’. రెండో ముక్కలో క్రియాజన్య విశేషణం (ఉతికే) పెట్టి నామంతో ముగిస్తే, తెగినా అర్థం చెడదు.

కుతూహలం పుట్టించడానికి మన భాషలో సొంత సాధనాలున్నాయి. ‘ఇది చూస్తే షాకవుతారు’ అననక్కర్లేదు. జంట ప్రశ్న చూడండి: ‘పట్టా, పాలిస్టరా? దారం కాల్చి చూడండి’. రెండు దీర్ఘాలు, ‘ప’ మీద యతి, చేతికి ఒక పని. లోపల వ్యాసం ఆ మాట నిలబెట్టాలి. చీర లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి కాలిస్తే, పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. శీర్షికలో సగం చెప్పి సగం లోపల ఉంచడం తప్పు కాదు. శీర్షికలో చెప్పింది లోపల లేకపోవడమే ఎర.

ఎర అన్నది ఇప్పుడు చట్టం మాట కూడా. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎర ప్రకటనలకూ, ‘ఉచితం’ అనడానికీ విడిగా నియమాలున్నాయి. 7,500కి రెండే చీరలుంటే, సరుకు కొద్దిగానే ఉందని ప్రకటనలోనే చెప్పాలి. ‘20 శాతం వరకు తగ్గింపు’లో ‘వరకు’ను చీమ తలంత చేయకండి, దాని మీదే అర్థమంతా ఆధారపడి ఉంది. అలాగే ‘బరంపురం పట్టు’ భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు. మరో ఊరి మరమగ్గం చీరకు ఆ పేరు తగిలిస్తే అది భాషాదోషం పరిధి దాటిపోయినట్టే.

చిన్న విషయం ఒకటి. ‘ఆన్‌లైన్’ టైపు చేసేటప్పుడు ‘న్’ తర్వాత నాన్-జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) తప్పిస్తే ‘ఆన్లైన్’ అయి, ‘న’ కింద ‘ల’ ఒత్తు పడుతుంది. అది పెట్టడం రాకపోతే ఆ మాటే మానేసి ‘ఇంటికే పంపిస్తాం’ అనండి.

ఊరి మాటకొస్తే, నిరభ్యంతరంగా వాడండి. మీకు దగ్గరలోని పర్లాకిమిడిలోనే ఉంటూ గిడుగు రామమూర్తి గారు నోటి మాటకు రాతలో చోటు కోసం పోరాడారు. కొనేవారు శ్రీకాకుళం, విజయనగరం వైపు వారైతే ‘ఏటి, ఏడున్నర వేలకేనా?’ అన్న శీర్షిక పక్కింటి పిలుపులా ఉంటుంది. అయితే వారానికి ఒకటి చాలు, అన్నిటికీ అదే పూస్తే వేషంలా కనిపిస్తుంది. ఊరి పేరు మాత్రం మార్చకండి. సర్కారు బోర్డు మీద ‘బ్రహ్మపుర్’ అని ఉన్నా, చీర కోసం వెతికే తెలుగువారు కొట్టేది ‘బరంపురం’ అనే.