టెక్ సందేహాలు: గ్రాఫ్ గుర్రపు లాడంలా వంగిపోతోంది!

ప్రశ్న: కొండ అడుగు నుంచి శిఖరం దాకా 60 ప్లాట్లలో మొక్కలు లెక్కపెట్టి, ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో పీసీఏ (ప్రతి ప్లాటునూ ఒక చుక్కగా చూపి, పోలిక ఉన్నవాటిని దగ్గరగా పెట్టే పద్ధతి) చేశాను. చుక్కలు ఎత్తు ప్రకారం వరుసగా రాకుండా గుర్రపు లాడంలా వంగిపోయాయి. అడుగు ప్లాట్లు, శిఖరం ప్లాట్లు పక్కపక్కనే కూర్చున్నాయి. నా డేటా పాడైందా, ప్యాకేజీలో బగ్గా?

జవాబు: రెండూ కాదు, టెన్షన్ పడకండి. ఎత్తుతో పాటు ప్రతి జాతి మొక్కల సంఖ్యా పెరుగుతూ పోతుందనో, తగ్గుతూ పోతుందనో పీసీఏ అనుకుంటుంది. మొక్కల తీరు వేరు. ఒక్కో జాతికి నచ్చే ఎత్తు ఒకటుంటుంది. అక్కడ దట్టంగా, అటూ ఇటూ పలచగా ఉంటుంది. ఇక అసలు తంటా సున్నాలతో. మధ్య ఎత్తులో పెరిగే మొక్కలు మీ అడుగు ప్లాట్లలోనూ లేవు, శిఖరం ప్లాట్లలోనూ లేవు. పీసీఏ దాన్ని పోలిక కింద జమ వేస్తుంది. మా ఇంట్లో ఏనుగు లేదు, మీ ఇంట్లోనూ లేదు, కాబట్టి మనం చుట్టాలం అన్నట్టు!

ఇది పాత తలనొప్పే. 1954లో గుడాల్ అనే వృక్ష పరిశోధకుడు మొక్కల డేటా మీద పీసీఏ వాడి, ప్లాట్లను ఇలా పోలికను బట్టి అమర్చే పనికి ఆర్డినేషన్ అని పేరు పెట్టారు. వంపు పోగొట్టడానికి 1980లో హిల్, గాచ్ అనే పరిశోధకులు కలిసి డీసీఏ అనే మరో ఆర్డినేషన్ పద్ధతి ప్రకటించారు. అది మొదటి అక్షాన్ని (బొమ్మలోని అడ్డగీతను) ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో వంపును చదును చేస్తుంది. నాకది ఇస్త్రీ పెట్టెలా అనిపిస్తుంది. ముడతతో పాటు, తేమ లాంటి నిజమైన రెండో ప్రభావం ఉంటే అదీ నలిగిపోవచ్చు. అయినా ఒకసారి డీసీఏ నడపండి, మొదటి అక్షం పొడవు చూడటానికి. అది 4 ప్రామాణిక విచలనాలు (డీసీఏ అక్షాన్ని కొలిచే యూనిట్లు) దాటితే రెండు చివరలకూ ఉమ్మడి జాతులు దాదాపు లేవన్నమాట. పీసీఏ పక్కన పెట్టేయండి. 3 లోపుంటే ఫర్వాలేదు. ఇది మోటు లెక్కే సుమా.

మీ కొండకైతే నేను ఎన్ఎండీఎస్ అనే ఇంకో ఆర్డినేషన్ పద్ధతి వాడతాను. ఆర్‌లోని వేగన్ ప్యాకేజీలో ఉంది. దానికి బ్రే-కర్టిస్ దూరం (రెండు ప్లాట్ల మొక్కలు ఎంత వేరుగా ఉన్నాయో చెప్పే కొలత) ఇస్తే రెండువైపులా ఉన్న సున్నాలను లెక్కలోకి తీసుకోదు. స్ట్రెస్ (బొమ్మలోని దూరాలు అసలు తేడాలకు ఎంత సరిపోలేదో చెప్పే అంకె) 0.2 దాటితే మాత్రం ఆ బొమ్మను నమ్మకండి, మూడు అక్షాలతో ప్రయత్నించండి.

ప్రశ్న: ఎన్ఎండీఎస్ నడిపిన ప్రతిసారీ వేరే బొమ్మ వస్తోంది. ఏది సరైనది?

జవాబు: అది యాదృచ్ఛిక స్థానాలతో మొదలవుతుంది, అందుకే. ముందు సెట్ సీడ్ (ఆ మొదలును ప్రతిసారీ ఒకేలా ఉంచే ఆదేశం) ఇవ్వండి, ప్రయత్నాల సంఖ్య పెంచండి. కుడి ఎడమలు తారుమారైతే పట్టించుకోనక్కర్లేదు, చుక్కల మధ్య దూరమే ముఖ్యం. స్ట్రెస్ కూడా ప్రతిసారీ మారుతుంటే మాత్రం ఇంకా సరైన అమరిక దొరకలేదని అర్థం.