పాస్‌పోర్ట్‌లో ఉన్న ‘లెట్’ అనుమతా, అడ్డంకా?

సందేహం: మాస్టారూ, మా అమ్మాయి ఎమ్మెస్ చెయ్యడానికి జర్మనీ వెళ్తోంది. మొన్న తన పాస్‌పోర్ట్ తిరగేస్తుంటే లోపల రాష్ట్రపతి పేరు మీద ఉన్న వాక్యంలో ‘టు పాస్ ఫ్రీలీ వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ అని కనిపించింది. లెట్ అంటే అనుమతించడం కదా, మరి ‘అనుమతి గానీ ఆటంకం గానీ లేకుండా’ అని చదువుకోవాలా? టెన్నిస్‌లో అంపైర్ అనే లెట్ కూడా ఇదేనా, లేక నెట్ అనే మాటే అలా మారిందా? అసలు ఈ వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: ముందు అదే పాస్‌పోర్ట్‌లో ఆ వాక్యానికి హిందీ పాఠం కూడా ఉంటుంది, అది చూడండి. అక్కడ ‘బినా రోక్-టోక్’ అని రాశారు, అంటే ఎవరూ అడ్డగించకుండా అని, అందులో అనుమతి ఊసే లేదు. కాబట్టి ఇక్కడ లెట్ అంటే ఆటంకమే. మీకు తెలిసిన లెట్ వేరు, ఈ లెట్ వేరు, చూడ్డానికి ఒకేలా ఉన్నా పుట్టుకలో రెండూ రెండు క్రియలు.

పాత ఇంగ్లీషులో, అంటే సుమారు వెయ్యేళ్ల కిందట, లేటన్ అని ఒక క్రియ ఉండేది, దానికి వదిలెయ్యడం, పోనివ్వడం, విడిచిపెట్టడం అనే అర్థాలు. లెట్టన్ అని ఇంకోటి ఉండేది, దానికి ఆపడం, అడ్డుకోవడం అని అర్థం. అప్పట్లో వీటి ఉచ్చారణా వేరే, భూతకాల రూపాలూ వేరే, వినేవాడికి గందరగోళం ఏమీ లేదు. తర్వాత వచ్చిన శతాబ్దాల్లో ఇంగ్లీషు క్రియల చివరన ఉండే ప్రత్యయాలు అరిగిపోతూ వచ్చాయి, మొదటిదాంట్లో ఉన్న దీర్ఘం కూడా కురచైపోయింది, చివరికి రెండూ ‘లెట్’ దగ్గరకొచ్చి ఆగాయి. అలా ఒకే మాటకి పోనివ్వు అనీ, పోనివ్వకు అనీ రెండర్థాలు వచ్చి కూర్చున్నాయి.

ఈ రెండో క్రియ ఎలా పుట్టిందో చూస్తే మనకి చాలా దగ్గరి మాట ఒకటి కనిపిస్తుంది. పాత ఇంగ్లీషులో నిదానంగా ఉండేది, మందకొడిగా కదిలేది అనే అర్థంలో ఒక విశేషణం ఉండేది, మనం రోజూ ‘బస్సు లేటు’ అనే లేటు అదే. ఆ విశేషణం నుంచి ‘లేటు చెయ్యడం’ అనే అర్థంలో పుట్టిన క్రియే లెట్టన్. మనిషిని ఆలస్యం చెయ్యడం అంటే దారిలో ఆపడమే కదా, అక్కణ్ణుంచి అడ్డుకోవడం అనే అర్థం స్థిరపడింది. ఇంకా వెనక్కి వెళ్తే లేటు, మొదటి లెట్, రెండూ సడలడం అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి చీలినవే అని భాషాశాస్త్రజ్ఞులు చెప్తారు. ఈ సంగతి పట్టుకోవడం ఇంగ్లీషువాళ్లకంటే మనకే సులువనిపిస్తుంది నాకు, ఎందుకంటే మన ‘వదులు’ చూడండి, ముడి వదులుగా ఉందంటే సడలి ఉందని, చెయ్యి వదులు అంటే విడిచిపెట్టమని, సడలడానికీ విడవడానికీ ఒకటే మాట. ఇంగ్లీషులో ఆ సడలిన భావం ఒకవైపు పోనివ్వడం అయింది, ఇంకోవైపు మందగించడం అయి, ఆలస్యం అయి, చివరికి ఆటంకం అయింది.

మీ అమ్మాయి జర్మన్ నేర్చుకుంటుంటే తనకి ఈ రెండూ ఇంకా విడివిడిగానే కనిపిస్తాయి. లాసెన్ అంటే పోనివ్వడం, ఫెర్‌లెట్సెన్ అంటే గాయపరచడం. అడ్డుకోవడం, హాని చెయ్యడం అనే పాత అర్థమే అక్కడ గాయం దాకా వెళ్లింది. జర్మన్‌లో ‘ట’కారం ఒకచోట ‘స’ అయింది, ఒకచోట ‘ట్స’ అయింది, అందుకే కలవలేదు. డచ్చి భాషలో బెలెట్టెన్ అంటే నేటికీ అడ్డుకోవడమే.

అడ్డుకోవడం అనే అర్థం ఇంగ్లీషులో షేక్‌స్పియర్ కాలానికి బాగానే బతికుంది. హామ్లెట్‌లో తండ్రి దెయ్యం వెనకాల వెళ్లబోతుంటే స్నేహితులు పట్టుకుని ఆపుతారు, అప్పుడు హామ్లెట్ నన్ను ‘లెట్’ చేసేవాణ్ణి దెయ్యాన్ని చేస్తానంటాడు. అంటే అడ్డొస్తే చంపేస్తాననే, అనుమతిస్తే చంపేస్తానని చదివితే సీనే తలకిందులవుతుంది. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా ఇదే వాడుక ఉంది. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు మీ దగ్గరికి రావాలని చాలాసార్లు అనుకున్నాను గానీ ఇదివరకు ‘లెట్’ అయ్యాను అంటాడు. మన తెలుగు బైబిల్లో అదే చోట ‘ఆటంకపరచబడితిని’ అని ఉంటుంది. ఆ పాత ఇంగ్లీషు పాఠాన్ని ఇప్పటి ఇంగ్లీషు తెలిసినవాళ్లు చదివితే ఎదురర్థం వస్తుంది, తెలుగులో చదివినవాళ్లకి ఆ ఇబ్బంది లేదు.

మరి రెండిట్లో ఒకటే ఎందుకు పోయింది? ఒకేలా వినిపించే మాటలు కలిసి బతకలేవని కాదు. తెలుగులో ఎండ కాస్తోంది, మామిడిచెట్టు కాస్తోంది, ముసలాయన మేకలు కాస్తున్నాడు అంటాం, ఈ మూడు ‘కాయడాలు’ మూడు వేరువేరు ద్రావిడ ధాతువులు, వేడెక్కడం ఒకటి, కాయ పట్టడం ఒకటి, కాపలా ఉండటం ఒకటి. అయినా ఎవరికీ తికమక రాదు, ఎండకీ చెట్టుకీ మేకలకీ ఒకదానితో ఒకదానికి పోటీ లేదు గనక. లెట్ సంగతి అలా కాదు, రెండు అర్థాలూ ఒకే రకం వాక్యంలో ఒకే చోటుకి పోటీ పడ్డాయి. ‘కాపలావాడు నన్ను లెట్ చేశాడు’ అంటే లోపలికి పంపాడో బయటే నిలబెట్టాడో తెలియకపోతే ఆ మాటతో పని జరగదు. ఫ్రాన్స్‌లో జూల్ గిలియెరాన్ అనే మాండలిక పరిశోధకుడు ఇలాంటిదే చూపించాడు, గాస్కనీ ప్రాంతంలో కొన్నిచోట్ల ధ్వని మార్పుల వల్ల కోడిపుంజుకీ పిల్లికీ ఒకటే మాట అయ్యే పరిస్థితి వస్తే అక్కడి పల్లెజనం పుంజుకి వేరే పేరు పెట్టేసుకున్నారు. ఇంగ్లీషులో అడ్డుకోవడానికి హిండర్, స్టాప్, ప్రివెంట్ లాంటి మాటలు సిద్ధంగా ఉన్నాయి గనక ఆ లెట్ నెమ్మదిగా తప్పుకుందని నా అభిప్రాయం. పోనిచ్చే లెట్ మాత్రం ఇంకా విస్తరించింది, మన వీధుల్లో వేలాడే టూలెట్ బోర్డు కూడా దానిదే, ఇంటిని వాడుకోనివ్వడం అని.

అడ్డుకునే లెట్ పూర్తిగా మాత్రం చావలేదు, నామవాచకంగా రెండు చోట్ల మిగిలింది. ఒకటి లాయర్ల భాష. ఇంగ్లీషు చట్టంలో ఒకే అర్థమున్న మాటల్ని జంటగా రాసే అలవాటు ఎప్పట్నుంచో ఉంది, ‘లెట్ ఆర్ హిండ్రన్స్’ అలాంటి జంటే. మనం సిగ్గూ శరం అన్నట్టు, సిగ్గు తెలుగు, శరం ఫారసీ, అర్థం ఒకటే. బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లో ఉన్న ఈ పదబంధమే మన పాస్‌పోర్ట్‌లోనూ ఉంది. మన దస్తావేజుల్లో ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ అనేది ఇంకా రాయట్లేదా, దస్తావేజు భాష మామూలు భాషతో పాటు మారదు.

రెండోది ఆటలు. టెన్నిస్‌లో సర్వ్ చేసిన బంతి నెట్‌కి తగిలి సరైన గడిలోనే పడితే లెట్ అంటారు, మళ్లీ సర్వ్ చెయ్యాలి. నెట్ తగిలినప్పుడే ఎక్కువగా వింటాం గనక నెట్టే లెట్ అయిందనుకోవడం సహజం. కానీ స్క్వాష్ చూడండి, అక్కడ మధ్యలో నెట్టే ఉండదు, అయినా ఎదుటి ఆటగాడు దారికి అడ్డొస్తే ‘లెట్ ప్లీజ్’ అని అడుగుతారు. బ్యాడ్మింటన్‌లో ర్యాలీ మధ్యలో పక్క కోర్టు షటిల్ వచ్చి మన కోర్టులో పడినా లెట్ అంటారు. ఆటకి ఆటంకం వచ్చింది కాబట్టి ఆ పాయింట్ మళ్లీ ఆడాలి, అంతే. ఇది మన పాస్‌పోర్ట్ లెట్టే.

ఇక తెలుగు మాట. జంట మాటగానే ఉంచాలంటే ‘అడ్డూ ఆటంకమూ లేకుండా’ బాగుంటుంది, ఒకే మాట చాలనుకుంటే ‘నిరాటంకంగా’ సరిపోతుంది. కొందరు తొందరలో ‘అడ్డూ అదుపూ లేకుండా’ అని రాసేస్తారు, అది మాత్రం వద్దు. దానికి విచ్చలవిడిగా అనే అర్థం ఉంది, ఏ దేశమూ అలా తిరగనివ్వమని ఇంకో దేశాన్ని అడగదు.