క్లోయీని చంపలేదు, తమ్ముడూ

బ్రాడీపేట, గుంటూరు

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్: డబుల్ ఎక్స్‌పోజర్’ వీడియో గేమ్ మీద నీ కోపం ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఆ కోపం ఎందుకొచ్చిందో మాత్రం మూడో పేజీ దాకా తెలియలేదు. తీరా అక్కడికొచ్చాక తప్పు రాశావు. “క్లోయీని చంపేశారు” అన్నావు. చంపలేదు. మొదటి ఆట చివర ఊరిని వదులుకుని, కథానాయిక మాక్స్ ప్రాణస్నేహితురాలు క్లోయీని కాపాడుకున్నవాళ్లకి ఈ ఆటలో ఆమె బతికే ఉంది. కాకపోతే మాక్స్‌తో విడిపోయింది, కథ నడిచే చోట లేదు. నిన్ను బాధపెట్టింది ఆమె చావు కాదు, ఈ విడిపోవడం. నీ వ్యాసం దీని మీద నిలబడాలి.

సీక్వెల్ మీద అసంతృప్తి రాయాలంటే ముందు మొదటి ఆట ఏం మాటిచ్చిందో రాయాలి. నీ వ్యాసంలో అది అసలు లేదు. 2015లో వచ్చిన మొదటి ఆట ఐదు ఎపిసోడ్ల పాటు కాలాన్ని వెనక్కి తిప్పుకుని మన మాటలు, చేతలు మార్చుకోనిచ్చింది. చివర్లో మాత్రం ఇక వెనక్కి తీసుకోలేని ఒక నిర్ణయం అడిగింది: తుఫాను నుంచి ఆర్కేడియా బే ఊరిని కాపాడటమా, క్లోయీనా? ఈ బరువు బెజవాడ పాఠకుడికి వివరించడం కష్టమేమీ కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 29న ఈ సీక్వెల్ విడుదలైంది. ఊరు నీళ్లలో ఉండటమంటే ఏమిటో కళ్లారా చూసినవాళ్లు నీ పాఠకులు. ఒక్క మనిషి కోసం ఊరినే వదులుకున్న ఆటగాడు ఆ మనిషిని ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాడో రెండు వాక్యాల్లో చెప్పు, చాలు. తర్వాత నువ్వు చెప్పే బాధంతా వాళ్లకి దానంతటదే అర్థమవుతుంది.

ఇప్పుడు స్టూడియో ఎందుకలా చేసిందన్న సంగతికొద్దాం. “బద్ధకం” అని తేల్చేశావు. అది కారణం కాదు, తిట్టు. లెక్క చూడు. ఒక్కో ఎంపికకి రెండు దారులనుకుంటే మూడు ఎంపికలకి 8 రకాల కథలు, పది ఎంపికలకి 1,024. ప్రతి దారికీ సంభాషణ రాయాలి, నటులతో చెప్పించాలి, ముఖకవళికలు, కదలికలు తయారుచెయ్యాలి. అంతా చేసి పెట్టిన సన్నివేశం సగం మందికి కనపడనే కనపడదు. అందుకే చీలిన దారుల్ని ఎక్కడో ఒకచోట కలిపేస్తారు. మొదటి ఆటకి రెండు ముగింపులు. ఒకదాంట్లో క్లోయీ ఉంది, ఒకదాంట్లో లేదు. ఆమెను పక్కకి తప్పిస్తే రెండు ముగింపులవాళ్లూ దాదాపు ఒకే కథ ఆడొచ్చు. ఇది రాయి. రాసినంత మాత్రాన వాళ్లని క్షమించినట్టు కాదు. కారణం తెలిసి వేసే ప్రశ్నకి పదునెక్కువ.

ఆ ప్రశ్న ఇది: దారులు కలపడం తప్పదు సరే, ఎలా కలిపారు? ‘మాస్ ఎఫెక్ట్’ ఆటలతో పోల్చి చూడు. 2007 నాటి మొదటి ఆటలో విర్మైర్ గ్రహం మీద రెక్స్ అనే క్రోగన్ యోధుడు నీ నిర్ణయాల్ని బట్టి చనిపోవచ్చు. చనిపోతే 2012లో వచ్చిన మూడో ఆటలో అతని స్థానంలో క్రోగన్ నాయకుడిగా రీవ్ ఉంటాడు. సన్నివేశాలు చాలావరకు అవే, ఖర్చు కలిసొచ్చింది. కానీ రెక్స్ తన జాతిని బాగుచెయ్యాలనుకునేవాడు, రీవ్ పగ తీర్చుకోవాలనుకునేవాడు. ఆ జాతికి పిల్లలు పుట్టడమే అరుదు చేసిన జెనోఫేజ్ అనే రోగానికి విరుగుడు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం రెక్స్ ముందు ఒకలా ఉంటుంది, రీవ్ ముందు ఇంకోలా ఉంటుంది. పాత ఎంపిక పోలేదు, కొత్త ఎంపికలోకి దిగింది. డబుల్ ఎక్స్‌పోజర్‌లో అది జరగలేదు. విడిపోవడం ఆట మొదలయ్యేనాటికే అయిపోయింది, మనకి వార్తలా తెలుస్తుంది. ఎంపికలే ప్రాణమైన ఆటలో అతి పెద్ద మలుపు ఆటగాడి చేతి మీదుగా జరగలేదు. నా మటుకు అసలు లోపం అదే. నీకు వేరే అభిప్రాయం ఉంటే అదే రాయి, కానీ ఇంత దగ్గరగా చూపించి రాయి.

ఇలా రాయాలంటే ఆడుతున్నప్పుడే నోట్స్ ఉండాలి. నోటుబుక్కులో పేజీని నాలుగు గళ్లు చెయ్యి: చాప్టరు, ఆట మొదలెట్టిన ఎన్ని గంటలకి ఆ సన్నివేశం వచ్చింది, ఏం జరుగుతుందనుకున్నాను, ఏం జరిగింది. మూడో గడి సన్నివేశానికి ముందే నింపాలి. అయిపోయాక నింపితే “నేను ముందే అనుకున్నా” అని మనసు మాట మారుస్తుంది. ఆట మొత్తం అయ్యాక వేరే సేవ్ స్లాట్‌లో మళ్లీ మొదలుపెట్టు. ఈ ఆట పాత సేవ్ ఫైలు తీసుకోదు, నువ్వు ఏ ముగింపు ఎంచుకున్నావో మొదటి చాప్టర్లోనే అడుగుతుంది. రెండోసారి అవతలి జవాబు చెప్పి రెండు చాప్టర్లు ఆడు. ఎన్ని మాటలు మారాయో, ఎన్ని అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉన్నాయో లెక్కపెట్టు. “నా ఎంపికకి విలువ లేదు” అనే నీ వాక్యం నిజమో కాదో అప్పుడు నీకే తెలుస్తుంది. ఆడే తీరిక లేక వీడియోలో చూస్తే, చూశానని వ్యాసంలోనే చెప్పు.

తర్వాత ఫిర్యాదుల్ని విడదియ్యి. మాక్స్ ఈసారి కాలాన్ని తిప్పే బదులు రెండు లోకాల మధ్య తిరుగుతుంది, ఒకదాంట్లో స్నేహితురాలు సాఫీ బతికి ఉంది, ఇంకోదాంట్లో హత్యకి గురైంది. “రివైండ్ లేదు” అనేది నీకు కావలసింది దొరకలేదన్న బాధ. అందులో తప్పులేదు, కానీ దాన్ని ఆట తప్పుగా రాయకు. ఆట తన నియమం తనే తప్పిన చోటు వేరు, కథ నత్తనడక నడిచిన చోటు వేరు. నీ వ్యాసంలో ఇవన్నీ ఒకే పేరాలో కలిసిపోయాయి. నచ్చినవాటికీ ఇదే కొలత. మాక్స్‌కి మళ్లీ హానా టెల్లే గొంతిచ్చిందని నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఏ సన్నివేశంలో ఆ గొంతు నిన్ను పట్టుకుందో రాస్తే, నువ్వు తిట్టడానికే కూర్చోలేదని పాఠకుడికి నమ్మకం కుదురుతుంది.

మనుషుల జోలికి మాత్రం పోవద్దు. 2020 జూన్ 19న ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ వచ్చిన రోజే, ఆట పూర్తి చేసే వ్యవధి కూడా లేకుండానే, రివ్యూలు ఒకచోట చేర్చే మెటాక్రిటిక్ సైటులో సున్నా మార్కులు కుప్పలు పడ్డాయి. తర్వాత ఆ సైటు, ఆట విడుదలైన 36 గంటల దాకా యూజర్ రివ్యూలు తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. ఆబీ పాత్రకి గొంతిచ్చిన లారా బెయిలీకి చంపేస్తామని బెదిరింపులొచ్చాయి. పాత్ర చేసిన పనికి నటిని శిక్షించబోయారు. నీ రెండో పేజీలో రచయితల మీద రాసిన రెండు వాక్యాలు నేను కొట్టేశాను, మళ్లీ పెట్టకు.

కొలతలు చెప్తాను. మొత్తం వెయ్యి మాటలు దాటనివ్వకు. కథాసారం 120 మాటలు చాలు, నువ్వు 600 పెట్టావు. స్పాయిలర్ హెచ్చరిక మొదటి పేరా తర్వాత పెట్టు, ఆ మొదటి పేరాలో మలుపులేవీ చెప్పకుండా ఆట ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో చెప్పెయ్యి. ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపు అయితేనే డబ్బు వెనక్కి అడగొచ్చు. క్లోయీ కోసమే కొనే పాఠకుడు ఆ రెండు గంటల్లో ఏం గమనించాలో అక్కడే రాయి. పటమటలో జేబు ఖర్చు దాచుకుని ఆట కొనుక్కునే కుర్రాడికి నీ కోపం కన్నా ఆ ఒక్క వాక్యం ఎక్కువ పనికొస్తుంది.

“గుండె పగిలింది”, “మోసం”, “చెత్త” మూడూ తీసెయ్యి. ఒక్కోదాని స్థానంలో ఒక్కో సన్నివేశం పెట్టు. శనివారానికి మళ్లీ పంపు. నోటుబుక్కు పేజీల ఫొటోలు కూడా పంపు, మూడో గడి చూడాలి.

శుభాకాంక్షలతో,
అన్నయ్య