పాత వ్యాన్‌కి కొత్త స్టీరియో: ముందు ఆ ప్లగ్‌ని కోయనివ్వకండి

"మా పాత డీజిల్ వ్యాన్‌లో క్యాసెట్ స్టీరియో పూర్తిగా పోయింది. దాని బదులు పెద్ద టచ్ స్క్రీన్ పెట్టించుకోవాలా, మామూలుది సరిపోతుందా? నేనే బిగించుకోవచ్చా?" అని అడిగారు.

మామూలుది సరిపోతుంది. మీరే బిగించుకోవచ్చు. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. కానీ పాత వ్యాన్లలో అసలు గొడవ స్టీరియోది కాదు, దాని వెనక ఉన్న వైరింగ్‌ది. మీకంటే ముందు ఎవరో ఒకరు అక్కడ చెయ్యి పెట్టే ఉంటారు. వాళ్ళు ఏం చేసిపోయారో చూడకుండా కొత్త స్టీరియో కొంటే ఆ పాపం మీ మెడకు చుట్టుకుంటుంది. ఇది నేను గట్టిగా నమ్మే విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా వ్యాన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొన్న కొత్తలో నాలుగు రోజులు తీయకుండా ఉంచితే చాలు, సెల్ఫ్ తిరిగేది కాదు. బ్యాటరీ అయిపోయిందన్నారు, మార్చాం. మళ్ళీ అదే వరస. ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవ్వట్లేదేమో అన్నారు, చూస్తే అది చక్కగా పనిచేస్తోంది. చివరికి మల్టీమీటర్ తీసుకుని నేనే కూర్చున్నాను. తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్య మీటర్ పెట్టాను. (మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు, మీటర్ లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది.) ఆపి ఉంచిన బండి మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే కరెంటు లాగాలి. మాది దానికి చాలా రెట్లు లాగుతోంది. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోతే, స్టీరియో ఫ్యూజు తీయగానే మీటర్‌లో అంకె దబ్బున పడిపోయింది.

స్టీరియోని బయటికి లాగి చూస్తే వెనక కంపెనీ ప్లగ్ లేదు. మొదలంటా కోసేశారు. ప్రతి వైరునీ చేత్తో మెలిపెట్టి, పైన టేపు చుట్టి వదిలేశారు. డాష్‌బోర్డు వేడికి ఏళ్ళ తరబడి ఆ టేపు జిగురు కారిపోయి, చుట్లు వదులైపోయాయి. ముట్టుకుంటే వేళ్ళకి నల్లగా అంటుకుంటోంది. ఒకటి రెండు చోట్ల రాగి పోగులు బయటపడి ఇనుప ఫ్రేముకి తగిలీ తగలనట్టు ఉన్నాయి. అన్నిటికంటే దారుణం, స్టీరియో నుంచి వచ్చే పసుపు వైరునీ ఎర్ర వైరునీ కలిపి, ఎప్పుడూ కరెంటుండే ఒకే వైరుకి కట్టేశారు.

బయట కొనే స్టీరియోల్లో పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి. గడియారం, మీరు పెట్టుకున్న స్టేషన్లు చెరిగిపోకుండా కాపాడేది అదే. ఎర్ర వైరుకి తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. స్టీరియోకి "ఇప్పుడు మేలుకో, ఇప్పుడు పడుకో" అని చెప్పేది ఆ వైరు. రెండూ ఒకే చోట కడితే స్టీరియో ఎప్పటికీ పూర్తిగా పడుకోదు. బటన్ నొక్కి ఆపినా లోపల సగం మేలుకునే ఉంటుంది, కరెంటు లాగుతూనే ఉంటుంది. తాళంతో కరెంటు వచ్చే వైరు ఏదో వెతకడానికి మీటర్‌తో రెండు నిమిషాల పని. బిగించినవాడికి ఆ రెండు నిమిషాల ఓపిక లేక మాకు ఒక మంచి బ్యాటరీ దండగైపోయింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక స్పీకర్ వైర్లు. ప్లగ్ ఉంటే ఏ వైరు ఏ స్పీకర్‌దో దాని స్థానమే చెబుతుంది. ప్లగ్ పోయింది, రంగులు వెలిసిపోయాయి, అన్నీ ఒకేలా మురికి రంగులో ఉన్నాయి. మా బావమరిదిని వెనక సీట్లో కూర్చోబెట్టి, నేను ముందు మోకాళ్ళ మీద కూర్చుని, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒకటి తీసుకున్నాను. ఒక జత వైర్లని సెల్‌కి క్షణం పాటు తాకిస్తే ఆ వైర్లు వెళ్ళే స్పీకర్‌లో "టప్" మని శబ్దం వస్తుంది, దాని కోన్ (ముందుండే గరాటు లాంటి పొర) కదులుతుంది.

"బావా, కుడి వైపు వెనకది!" అని అరిచాడు.

"అది తెలిసింది, చెయ్యి పెట్టి చూడు. కోన్ బయటికి వచ్చిందా, లోపలికి పోయిందా?"

"లోపలికి లాగినట్టుంది."

అంటే వైర్లు తిరగబడ్డాయన్నమాట. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి తన్నాలి. మైనస్‌కి తగిలితే లోపలికి పోతుంది. ఆ వైర్లు మార్చి తాకించి, ఇప్పుడు బయటికే వస్తోందని వాడు చెప్పాక టేపు ముక్క మీద "కుడి వెనక ప్లస్" అని రాసి అంటించాను. అలా నాలుగూ తేలేసరికి తెలిసిందేంటంటే, పాత ఫిట్టింగ్‌లో ఆ కుడి స్పీకర్ ఎడమదానికి వ్యతిరేకంగా కట్టి ఉంది. ఒక కోన్ ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, మధ్యలో బేస్ అంతా ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది. ఆ వ్యాన్ కొన్నప్పటి నుంచి "స్పీకర్లు పల్చగా ఉన్నాయి, మార్చాలి" అనుకుంటూ తిరిగాం. స్పీకర్ తప్పేమీ లేదు, రెండు వైర్లు అటూ ఇటూ అయ్యాయి, అంతే. మీరూ స్పీకర్లు కొనేముందు ఈ సెల్ పరీక్ష చేసి తీరాలి. పాత స్పీకర్లకి సెల్ క్షణం మాత్రమే తాకించండి, పట్టుకుని ఉంచొద్దు.

ఈ పని చేస్తూనే ఇంకో సంగతి చూసుకోవాలి, పాత వ్యాన్లలో మరీ ముఖ్యం. కొన్ని పాత బండ్లలో స్పీకర్ల మైనస్ వైర్లన్నీ కలిపి బాడీకి ఎర్త్ చేసి ఉంటాయి. క్యాసెట్ కాలం స్టీరియోలకి అది నడిచిపోయేది. ఇప్పటి స్టీరియోల్లో ఒక్కో స్పీకర్‌కి ప్లస్, మైనస్ రెండూ ఆంప్లిఫయర్ నుంచే నడుస్తాయి, ఏదీ ఎర్త్ కాదు. ఆ మైనస్‌ని బాడీకి తగిలిస్తే లోపలి చిప్ తనని తాను ఆపేసుకుంటుంది, లేదా కాలిపోతుంది. స్పీకర్ మైనస్‌కీ బాడీకీ మధ్య మీటర్ బీప్ కొట్టిందంటే, అంటే రెండూ కలిసే ఉన్నాయంటే, ఆ పాత వైరు వదిలేసి, ఒక్కో స్పీకర్‌కి విడిగా రెండు వైర్లు కొత్తగా లాగండి. శ్రమే, తలుపు పానెళ్ళు ఊడదీయాలి, కానీ వేరే దారి లేదు.

ఇంతకీ మీరు అడిగిన టచ్ స్క్రీన్ సంగతి. పాత వ్యాన్‌లో స్టీరియో గుంట దాదాపు ఎప్పుడూ సింగిల్ డిన్, అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. మీరు ఫోటోల్లో చూసే పెద్ద స్క్రీన్‌కి దాని రెట్టింపు ఎత్తు, 100 మిల్లీమీటర్లు కావాలి. "ఏముంది సార్, కొంచెం కోస్తే పట్టేస్తుంది" అంటారు. ఆ కోసేది డాష్‌బోర్డు. దాని వెనక ఏసీ గొట్టమో, హీటర్ కేబులో, గట్టి ఇనుప పట్టీయో ఉంటుంది. డాష్‌బోర్డుని ఒకసారి కోస్తే తిరిగి అతికేది కాదు. పైగా పాత వ్యాన్ అద్దం పెద్దది, వాలుగా ఉంటుంది, ఎండ నేరుగా స్క్రీన్ మీద పడి ఏమీ కనపడదు. గుంతల రోడ్డు మీద వేలు ఒక చోట పెడితే ఇంకో చోట నొక్కుకుంటుంది. చేత్తో తిప్పే గుండ్రటి నాబ్‌ని మాత్రం రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే తిప్పొచ్చు. దారి చూపించడానికి మీ ఫోన్ ఉంది, దానికో స్టాండు పెట్టుకోండి. బ్లూటూత్, యూఎస్‌బీ, ఒక నాబ్, చీకట్లో కనపడే బటన్లు. ఇవి ఉన్న సింగిల్ డిన్ స్టీరియో తీసుకోండి. క్యాసెట్ పెట్టుకునే మనిషికి ఇదే పెద్ద మార్పు.

పెట్టె మీద "50 వాట్లు, నాలుగు చానెళ్ళు" అని రాస్తారు చూడండి, దాన్ని చూసి మోసపోకండి. లెక్క తేలిక. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. విడిగా ఆంప్లిఫయర్ లేని స్టీరియో ఆ వోల్టేజీని మించి స్పీకర్‌కి ఇవ్వలేదు. 4 ఓముల స్పీకర్‌కి ఎంత శుభ్రంగా ఇచ్చినా ఒక్కో చానెల్‌కి దాదాపు 26 వాట్లు దాటదు, నిజంగా వినదగ్గ శబ్దం 20 వాట్లకి అటూ ఇటూ వస్తుంది. ఆ 50 అనేది మొత్తం కరకరలాడిపోతున్నప్పటి శిఖరం. నిజమైన అంకె కరపత్రం లోపల "ఆర్ఎంఎస్" (నిలకడగా ఇవ్వగలిగే పవర్) పేరుతో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనేవాడి కంట పడకూడదని. పెట్టె మీద ఆ అంకె వేయడం ఆపేస్తే ఎంతమంది డబ్బు మిగులుతుందో!

అందుకే నా మాట: డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. వ్యాన్ లోపల ఖాళీ ఎక్కువ, ఇంజిన్ మోత ఎక్కువ, తలుపులు పల్చటి రేకు. పాత స్పీకర్ల చుట్టూ ఉండే నురుగు అంచు ఏళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది, వేలితో తాకితే తెలుస్తుంది. అలా రాలిపోయిన స్పీకర్‌కి ఎంత ఖరీదైన స్టీరియో తగిలించినా అది బరబరలాడుతుంది. కొత్తవి కొనేటప్పుడు వెడల్పు ఒక్కటే చూడకండి, లోతు కొలవండి, అదీ కిటికీ అద్దం పూర్తిగా దించి. అద్దం దిగి వచ్చి స్పీకర్ అయస్కాంతానికి తగిలితే ఇక ఆ అద్దం సగంలోనే ఆగుతుంది. తలుపు రేకు లోపలి వైపు అంటించే బ్యూటైల్ (రబ్బరు లాంటి) షీట్లు వేస్తే ఆ రేకు వణుకు తగ్గి, అదే స్పీకర్ ఇంకో రకంగా వినిపిస్తుంది.

బిగించే పనిలో గుర్తుంచుకోవాల్సినవి. ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. మీ పాత స్టీరియోకి సీక్రెట్ కోడ్ ఉంటే, దాన్ని మళ్ళీ ఎప్పుడైనా వాడాలనుకుంటే, ఆ కోడ్ ముందే రాసి పెట్టుకోండి. స్టీరియో ముఖం మీద పక్కల చిన్న రంధ్రాలుంటే స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించొద్దు, వాటిలో దూర్చడానికి పల్చటి ఇనుప తాళాలు వేరే దొరుకుతాయి. లోపల పసుపు కవర్‌లో చుట్టిన వైర్లు, పసుపు ప్లగ్ కనిపిస్తే ముట్టుకోకండి, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. మీది పెద్ద వ్యాన్, మినీ బస్సు తరహాది అయితే బండి 12 వోల్టులదా 24 వోల్టులదా అని మొదటే చూడండి. రెండు బ్యాటరీలు ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి కట్టి ఉంటే అది 24. 12 వోల్టుల స్టీరియోకి 24 ఇస్తే తిరిగి లేవదు, మధ్యలో కన్వర్టర్ కావాలి.

మీ వ్యాన్‌కి ఐఎస్‌ఓ ప్లగ్ (పిన్ల స్థానాలు ముందే ఖరారైన ప్రామాణిక ప్లగ్) ఉంటే, యూరప్ తరహా బండ్లలో తరచూ అదే ఉంటుంది, అడాప్టర్ (బండి ప్లగ్‌కీ స్టీరియోకీ మధ్య పెట్టే వైరు) కూడా అవసరం పడకపోవచ్చు. పవర్ ప్లగ్‌లో 4వ పిన్‌లో ఎప్పుడూ కరెంటు, 7వ పిన్‌లో తాళంతో వచ్చే కరెంటు, 8 ఎర్త్. కానీ ఫోక్స్‌వ్యాగన్ లాంటి కొన్ని కంపెనీల బండ్లలో ఈ 4, 7 తారుమారుగా ఉంటాయి. దాని కోసమే చాలా అడాప్టర్లలో ఎర్ర, పసుపు వైర్ల మధ్య చిన్న బుల్లెట్ కనెక్టర్లు పెట్టి ఉంటారు, ఊడదీసి అటుదిటు పెట్టుకోవడానికి. తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు చెరిగిపోతుంటే మీకు జరిగింది ఇదే. వేరే ప్లగ్ ఉన్న బండ్లకి మోడల్‌ని బట్టి అడాప్టర్ వైరింగ్ దొరుకుతుంది. అది పెడితే కంపెనీ ప్లగ్ చెక్కుచెదరదు, రేపు మళ్ళీ పాత స్టీరియో పెట్టాలన్నా ఒక నొక్కు చాలు.

ఎఫ్ఎం సరిగా రావట్లేదని స్టీరియోని తిట్టకండి, కొన్ని యాంటెన్నాల అడుగున చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి స్టీరియో నీలం వైరు నుంచి కరెంటు ఇవ్వాలి. ఇంజిన్ రేస్ చేస్తే దాంతోపాటే గుయ్‌మని శబ్దం పెరుగుతుంటే ఎర్త్ వైరు బోల్టు దగ్గర పెయింటు గీకి గట్టిగా బిగించండి, చాలాసార్లు అక్కడితో తగ్గుతుంది. డీజిల్ బండి కదా, స్టీరియో వెనక భాగానికి ఆనిక లేకపోతే వణికి వణికి ప్లగ్‌లు వదులైపోతాయి. వెనక ఉండే స్టడ్‌కి (బోల్టు లాంటిది) పట్టీ వేసి బిగించడం మర్చిపోకండి.

బయట చేయించుకుంటానంటే చేయించుకోండి, కానీ పక్కనే నిలబడండి. కట్టర్ చేతిలోకి తీసుకోగానే "బాబూ, ఆ ప్లగ్ కోయొద్దు, అడాప్టర్ నేనే తెచ్చాను" అని చెప్పండి. కోస్తేనే పని అవుతుందని వాదిస్తే తాళం తీసుకుని వచ్చేయండి. మీ వ్యాన్‌లో ఇప్పటికే కోసేసి ఉన్నా కంగారు పడక్కర్లేదు. వ్యాన్ వైపు పెట్టుకునే కొత్త ప్లగ్ వైర్లతో సహా దొరుకుతుంది. మీటర్‌తో, సెల్‌తో ఒక్కో వైరు తేల్చుకుని, మెలిపెట్టకుండా క్రింప్ చేసి (లోహపు గొట్టంలో దూర్చి పనిముట్టుతో నొక్కి), పైన హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే బిగుసుకునేది) తొడగండి. స్టీరియో కొనకముందే పాతదాన్ని బయటికి లాగి, వెనక ఏముందో ఫోటో తీసి, బండి మోడల్‌తో పాటు ఇక్కడ పెట్టండి. ఏ వైరు ఎక్కడికి పోవాలో రాసి పెడతాను.