బదిలీ అయిన గురువు పాత విచారణకు ఎందుకు తిరిగి రారు?

ఆరేళ్లు మీ విచారణకు, అంటే మీ గుడి పరిధిలోని కతోలిక సంఘానికి (పారిష్‌కు), గురువుగా (ఫాదర్‌గా) ఉన్నవారు వేరే బాధ్యత మీద వెళ్లిపోయారని, మీ అమ్మాయి పెళ్లి జరిపించమని అడిగితే రాలేనన్నారని, ఫోను చేసినా రెండు మాటలతో ముగిస్తున్నారని రాస్తూ, అంతకాలం చూపిన ఆప్యాయత నటనేనా అని అడిగారు. ఆయనెవరో నాకు తెలియదు. అయితే అలా రాలేనని చెప్పిన గురువుల్లో నేనూ ఒకణ్ణి. ఒక విచారణలో ఏడేళ్లు పనిచేసి, అక్కడినుంచి, గురువులు కాబోయేవారిని తయారుచేసే సెమినరీలో పాఠాలు చెప్పే పనికి మారాను. ఆయన ఆప్యాయత నిజమైనదేననీ, నిజమైనది కాబట్టే ఆయన ఆ మాట చెప్పగలిగారనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందుగా పెళ్లి విషయం. 1983లో వెలువడిన తిరుసభ (ప్రపంచ కతోలిక సంఘం) చట్టంలోని 1108వ నిబంధన ప్రకారం, కతోలికుల వివాహం చెల్లాలంటే ఆ ప్రాంతపు బిషప్‌గారు గానీ, అక్కడి విచారణ గురువు గానీ, వారిలో ఒకరి నుంచి అధికారం పొందిన గురువు లేదా డీకన్ (గురువు కంటే కింది హోదాలో అభిషేకం పొందిన సేవకుడు) గానీ ఇద్దరు సాక్షుల సమక్షంలో వధూవరుల సమ్మతిని స్వీకరించాలి. పదవి వదిలిన గురువుకు ఆ అధికారం మిగలదు. పాత చనువు కొద్దీ వచ్చి, ఎవరినీ అడగకుండా జరిపిస్తే ఆ పెళ్లే చెల్లకుండా పోతుంది. కొత్త గురువు అనుమతిస్తే రావచ్చు కదా అని మీరు అనవచ్చు. చట్టం దానికి అడ్డు చెప్పదు. కానీ ఒక ఇంటి పెళ్లికి వచ్చినవారు మరో ఇంటి జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) రానని ఏ ముఖంతో చెబుతారు? ఏడాది తిరిగేసరికి కొత్త గురువు తన విచారణలో తానే అనుమతులు రాసిచ్చే మనిషిగా మిగిలిపోతారు. అలా మిగిలిపోయినవారిని నేను దగ్గరగా చూశాను.

బదిలీ అనగానే శిక్ష అనుకోవడం కూడా మన విచారణల్లో బాగా పాతుకుపోయింది. నా బదిలీ సంగతిని పూజ చివర ప్రకటించిన రోజు సాయంత్రానికే, లెక్కల్లో ఏదో తేడా వచ్చిందట అన్న మాట పుట్టింది. నన్ను ఎంతగానో ప్రేమించినవాళ్లే, నా పక్షాన కోపంతో, దాన్ని పదిమందికి చేరవేశారు. ఆత్మల మేలు కోసం గానీ తిరుసభ అవసరం కోసం గానీ, తన విచారణను చక్కగా నడుపుతున్న గురువునే వేరొక పనికి పంపవలసి వస్తే, బిషప్ ఆ ప్రతిపాదనను రాతపూర్వకంగా ముందుంచి, దేవుని మీద, ఆత్మల మీద ప్రేమతో ఒప్పుకోమని నచ్చజెప్పాలని 1748వ నిబంధన చెబుతుంది. చక్కగా నడుపుతున్న గురువు అని చట్టమే అంటున్నప్పుడు మనం తప్పు వెతకడం ఎంత అన్యాయమో ఆలోచించండి. నాకు బాధ కలిగించిన సంగతి వేరే ఉంది: ఉత్తరం అందిన రోజుకూ నేను బయలుదేరవలసిన రోజుకూ మధ్య మూడు వారాలే ఉన్నాయి. ఏడేళ్లు ఒక ప్రజతో కలిసి బతికినవాడికి మూడు వారాలు చాలవని నిర్ణయాలు తీసుకునేవారు గ్రహించాలి.

ఆ మూడు వారాల్లో మొదటి వారం పుస్తకాలకే పోయింది. జ్ఞానస్నానాల పుస్తకం, వివాహాల పుస్తకం, మరణాల పుస్తకం ప్రతి విచారణలోనూ ఉండాలనీ, వాటిని జాగ్రత్తగా రాసి భద్రపరిచే బాధ్యత గురువుదేననీ 535వ నిబంధన. నేను రాసిన పేజీల్లోనే మూడు జ్ఞానస్నానాలకు జ్ఞాన తల్లిదండ్రుల (విశ్వాస విషయంలో బిడ్డకు తోడుండే పెద్దల) పేర్లు ఖాళీగా కనిపించాయి. ఆ ఇళ్లకు వెళ్లి అడిగి రాసి, సంతకాలు పెట్టాను. ఇరవై ఏళ్ల తరువాత ఆ బిడ్డల్లో ఎవరికైనా పెళ్లి కుదిరినప్పుడు అక్కడి గురువు తెరిచేది ఆ పేజీనే కాబట్టి, ఆ గళ్లను ఖాళీగా వదిలి వీడ్కోలు సభలో కన్నీళ్లు పెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఒక పెద్దావిడ గురించి. నాలుగేళ్లుగా ఆమె మంచం మీదే ఉంది. ప్రతి నెలా మొదటి శుక్రవారం ఆమెకు దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) తీసుకువెళ్లేవాణ్ణి. కోడలు మంచం పక్కన చిన్న బల్ల వేసి, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, సిలువ నిలబెట్టి, రెండు కొవ్వొత్తులు వెలిగించి ఉంచేది. సత్ప్రసాదపు భరిణెను ఆ గుడ్డ మీద పెట్టగానే పెద్దావిడ రెండు చేతులూ ఎత్తబోయేది. కుడిచెయ్యి మాత్రమే లేచేది. అంతా అయ్యాక ప్రతిసారీ ఒకే మాట: "నన్ను మట్టిలో పెట్టేది మీరేగా, ఫాదర్‌గారూ?" నేను ప్రతిసారీ "అలాగేనమ్మా" అనేవాణ్ణి. నలభైకి పైగా శుక్రవారాల్లో నలభైకి పైగా సార్లు ఆ మాట ఇచ్చాను. నాది కాని దాన్ని వాగ్దానం చేస్తున్నానని ఒక్కసారైనా తోచలేదు. విచారణ గురువుకు ప్రత్యేకంగా అప్పగించిన పనులను చెప్పే 530వ నిబంధనలో అంత్యక్రియలూ ఉన్నాయి. ఆ అప్పగింత పదవిలో ఉన్న గురువుకే గానీ నా పేరుకు కాదు.

చివరి మొదటి శుక్రవారానికి, నా స్థానంలోకి రాబోతున్న గురువును ముందుగానే రమ్మని బతిమాలి పిలిపించుకున్నాను. భరిణె ఆయన చేతికిచ్చి, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన ప్రార్థన చదువుతున్నంతసేపూ ఆమె ఆయనను చూడలేదు, నన్నే చూసింది. సత్ప్రసాదం స్వీకరించాక ఆ పాత ప్రశ్నే, ఈసారి ఇంకా సన్నని గొంతుతో. "నేను రానమ్మా. ఈ ఫాదర్‌గారు వస్తారు" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. కోడలు కొవ్వొత్తులు ఆర్పబోయి ఆగిపోయింది. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. తరువాత ఆమె కళ్లు తెరిచి, కొత్త గురువును తొలిసారి చూసి, "నేను గట్టిగా మాట్లాడలేను, మీకు వినబడుతుందా?" అని అడిగింది. ఆయన ముక్కాలిపీట మంచానికి ఆనించుకుని కూర్చుని, చెవి ఆమె నోటి దగ్గరకు వంచి, "ఇప్పుడు చెప్పమ్మా" అన్నారు. పాపసంకీర్తనం (గురువుకు ఏకాంతంగా పాపాలు ఒప్పుకోవడం) చేస్తానని ఆమె సైగ చేసింది. నేనూ, కోడలూ బయటికి వచ్చాం. తలుపు మూసుకుంది. నాలుగేళ్లుగా ఆ తలుపు మూసినప్పుడు నేను లోపల ఉండేవాణ్ణి.

ఆ విచారణ నుంచి నేను వెళ్లిపోయింది ఆ క్షణంలోనే. ఆదివారం సభలో ఎవరెవరో మాట్లాడారు, ఇలాంటి గురువు మళ్లీ రారని కూడా అన్నారు. ఆ మాట ఎప్పుడు విన్నా నాకు కష్టంగా ఉంటుంది. పొగడ్త ఒకరికి, దెబ్బ రాబోయేవారికి. మీ వీడ్కోలు సభల్లో దయచేసి ఆ మాటను మానుకోండి.

గురువు చివరిదాకా ఒకేచోట ఉండాలని వాదించేవారు ఫ్రాన్స్‌లోని ఆర్స్ గ్రామపు పునీత జాన్ మరియ వియాన్నీని చూపిస్తారు. ఆయన 1818 నుంచి 1859లో మరణించేవరకు, 41 ఏళ్లు, ఆ చిన్న విచారణలోనే ఉన్నారు. 1929లో పదకొండవ పయస్ పాపుగారు ఆయనను విచారణ గురువులకు పాలక పునీతుడిగా ప్రకటించారు. అయితే ఏకాంత ప్రార్థన జీవితం కోసం వెళ్లిపోవాలని ఆయన ఒకటికి రెండుసార్లు ప్రయత్నించారనీ, 1853లో ప్రజలే దారికి అడ్డుపడ్డారనీ వారు చెప్పరు. బిషప్ విడుదల చేయలేదు కాబట్టి ఆయన ఉన్నారు. మమ్మల్ని వెళ్లమన్నారు కాబట్టి మేం వెళ్తున్నాం. రెండూ ఒకే విధేయత. ఎఫెసులో మూడేళ్లు గడిపిన పౌలు, అక్కడి పెద్దలను మిలేతుకు పిలిపించుకుని, ఇక తన ముఖం చూడరని వాళ్లతో చెప్పాడు. దేవునికి, ఆయన కృపావాక్యానికి వాళ్లను అప్పగించాడు. వాళ్లు ఏడ్చి, ఓడ దాకా సాగనంపారు. బైబిలులోని అపొస్తలుల కార్యాలు 20వ అధ్యాయాన్ని, మీ బాధ ఇంత పచ్చిగా ఉన్నప్పుడే, ఒకసారి చదవండి.

నా మట్టుకు నేను రెండేళ్లు అటువైపు వెళ్లకూడదని నిర్ణయించుకున్నాను. చట్టంలో అలాంటి గడువేదీ లేదు. అంతకంటే తక్కువ సమయంలో ప్రజల మనసు కొత్త గురువు వైపు తిరగదని నా నమ్మకం. విచారణ వాట్సాప్ గ్రూపు నుంచి కూడా బయలుదేరిన రోజే తప్పుకున్నాను. వెళ్లిపోయాక కూడా అందులో ఉండి రోజూ వాక్యం పంపుతూ, అక్కడి నిర్ణయాల మీద అభిప్రాయాలు చెప్పే గురువులు ఉన్నారు. వారికి ప్రజల మీద ప్రేమ లేదని నేననను, కానీ వాళ్లింకా ఆ ఇంట్లోనే కూర్చుని ఉన్నారు, కొత్తవారికి కుర్చీ లేదు.

పదకొండు నెలలకు ఒక సాయంత్రం కొత్త గురువు ఫోను చేసి, పెద్దావిడ పోయిందని చెప్పారు. చివరి అభ్యంగనం (మరణానికి దగ్గరైనవారికి నూనె పూసి చేసే ప్రార్థన) తానే ఇచ్చానన్నారు. ఇంటివాళ్లు నన్ను అడుగుతున్నారనీ, నేను వస్తే తనకు ఏ అభ్యంతరమూ లేదనీ అన్నారు. "ఆమె అడిగిందా?" అన్నాను. ఆయన కాసేపు ఆగి, లేదన్నారు. నేను వెళ్లలేదు. ఆమె కొడుకు ఈ రోజుకీ నాతో మాట్లాడడు, ఆ కోపానికి అతనికి హక్కుంది. మరునాడు ఉదయం సెమినరీ గుడిలో, విద్యార్థుల ముందు, ఆమె పేరు చెప్పి పూజ అర్పించాను.

మీ అమ్మాయినీ, పెళ్లికొడుకునీ తీసుకుని ఈ వారమే కొత్త గురువు దగ్గరకు వెళ్లండి. పాతవారి గురించి మాట్లాడకుండా ఒక గంట కూర్చోండి. తరువాత పెళ్లి తేదీ, సమయం, ఇద్దరి పేర్లు ఒక ఉత్తరంలో రాసి పాత గురువుకు పంపండి. రమ్మని అందులో రాయకండి. ఆ రోజు పూజలో ఆ రెండు పేర్లూ చెప్పమని అడగండి, ఆయన తప్పకుండా చెబుతారు.