సరస్వతి ఆకు పచ్చడి చేసే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. మా అత్తగారికి అల్జీమర్స్. డాక్టరు గాలంటమిన్ రాశారు. పిల్లేమో కాలవ గట్టు నుంచి సరస్వతి ఆకు కోసుకొచ్చి నాయనమ్మకు రోజూ పచ్చడి చేసి పెడుతోంది. మొక్కల నుంచి మతిమరుపుకు మందు కనిపెడతానంటోంది. బీఏఎంఎస్‌ (ఆయుర్వేద వైద్య డిగ్రీ)లో చేర్చమంటారా, బీ ఫార్మసీలోనా?
– ఓ తల్లి, అమలాపురం

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల అట్ట మీ అమ్మాయి చేతికివ్వండి. గాలంటమిన్ మొక్క నుంచి వచ్చిందే! చలిదేశాల్లో పూసే స్నోడ్రాప్ అనే తెల్లపువ్వు మొక్క నుంచి 1950ల్లో బల్గేరియా శాస్త్రవేత్త దిమితర్ పాస్కోవ్ దాన్ని వేరుచేశారు. అల్జీమర్స్ మందుగా అమెరికాలో అనుమతి దొరికింది మాత్రం 2001లో. ఇంతా చేసి అది జబ్బును నయం చేయదు. మెదడులో జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా విరిగిపోకుండా చూసి, కొందరికి కొన్నాళ్లు ఊరటనిస్తుంది, అంతే.

అన్ని మొక్కలకూ ఆ మాత్రం అదృష్టం కూడా ఉండదు. గింకో అనే చెట్టు ఆకు సారాన్ని అమెరికాలో 3 వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద ఏళ్ల తరబడి పరీక్షిస్తే, డిమెన్షియా (మతి తప్పే జబ్బు) రాకుండా ఆపలేదని 2008లో తేలింది. పసుపులోని కర్కుమిన్ గాజు గొట్టంలో భేష్ అనిపిస్తుంది, మింగితే రక్తంలోకి చేరేది బహు తక్కువ.

బీఏఎంఎస్ మంచి చదువే, నీట్ రాయాలి. కానీ అది వైద్యుల్ని తయారుచేస్తుంది. ఆకులో పనిచేసే పదార్థమేదో పట్టుకోవాలంటే నా ఓటు బీ ఫార్మసీకే. ఈఏపీసెట్‌తో సీటు, నాలుగేళ్లు. తర్వాత జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎం ఫార్మసీ, లేదా హైదరాబాద్ నైపర్ (జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ), ఆపైన పీహెచ్‌డీ. పరిశోధకురాలిగా కుదురుకునేసరికి ఇరవై ఏడు, ఎనిమిదేళ్లు వస్తాయి (ఈలోగా చుట్టాలు పెళ్లి టెన్షన్ పెట్టకుండా చూసే పూచీ మీది). మధ్యలో ఆగినా మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలుంటాయి. మొదట్లో జీతాలు చిన్నవే, దాచను.

అసలు చూడాల్సింది పిల్లకు ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే ఇష్టమా, కాదా అన్నది. ల్యాబ్‌లో సిలికా పొడి నింపిన గాజు గొట్టంలో ఆకు సారం పోస్తారు. పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోతూ బొట్టుబొట్టుగా దిగుతుంది. కాళ్లు పీకుతున్నా నిలబడి, నంబర్లు వేసిన టెస్ట్ ట్యూబుల్లో పట్టుకోవాలి. కిలో ఆకు పొడికి ఒక్కోసారి చివర మిగిలేది మిల్లీగ్రాములే.

ఈ ఆదివారం ఓ చిన్న పని చెప్పండి. సరస్వతి ఆకు గుండ్రంగా ఉంటుంది, దాని శాస్త్రీయ నామం సెంటెల్లా. ‘బ్రహ్మి’ అని కొన్నిచోట్ల దాన్నే అమ్ముతారు, కొన్నిచోట్ల చిన్న దళసరి ఆకులతో తడినేల మీద పాకే బకోపా అనే వేరే మొక్కను. రెండూ పక్కపక్కన పెట్టి బొమ్మ గీసి, తేడాలు రాయమనండి. విసుక్కోకుండా రెండో పేజీలోకి వెళ్లిందంటే ఫార్మసీలో వేసేయండి.

పచ్చడి సంగతి డాక్టరుగారి చెవిన వేయండి. మాత్ర మాత్రం ఆపొద్దు.